సందడి లేని బాట

‘యాత్ర’ అనే మాటకు మూలమైన సంస్కృత ధాతువు ‘యా’. దానికి పోవుట అని అర్థం. రైళ్లూ మోటారు బండ్లూ లేని రోజుల్లో పోవుటకూ చేరుటకూ గల భేదాన్ని ఎవరూ విడమరచి చెప్పవలసిన పని లేకపోయినది. కాశికి పోయేవాడు నెలల తరబడి పోతూనే ఉండేవాడు. దారిలోనే సగం పుణ్యం గడించేవాడు. నేడు చేరుట సులభమైనది, పోవుట కరవైనది. అందువల్లనే కాబోలు, విమానంలో కొద్ది గంటలలో చేరగల ఒక క్షేత్రానికి వారాల తరబడి కాలినడకన పోయే జనం ఐరోపా ఖండంలో పెరిగినారు. ఆ క్షేత్రం స్పెయిన్ దేశపు వాయవ్య మూలనున్న శాంటియాగో ద కంపొస్తేలా.

క్రీస్తు పన్నిద్దరు శిష్యులలో ఒకడైన యాకోబు సమాధి అక్కడ ఉన్నదని కాథలిక్కుల విశ్వాసం. స్పానిషు భాషలో ఆయనే శాంటియాగో. తొమ్మిదవ శతాబ్దపు తొలి భాగంలో పెలాయో అనే సన్యాసి అడవిలో వింత వెలుగులు చూచి చెప్పగా, ఇరియా పీఠాధిపతి తెయొదొమీరో అక్కడ ఒక సమాధిని కనుగొన్నాడని కథ. కథలో కల్పన ఎంత ఉన్నా, తెయొదొమీరో మాత్రం కల్పిత పురుషుడు కాడు. 1955లో ఆ దేవాలయంలో త్రవ్వకాలు జరిపినప్పుడు ఆయన పేరు చెక్కిన సమాధిఫలకం బయటపడినది. దానిపై ఉన్న మరణసంవత్సరం క్రీ.శ. 847కు సరిపోతుంది. సమాధి వార్త విని అస్తూరియాస్ రాజు రెండవ అల్ఫోన్సో తన రాజధాని ఒవియేదో నుంచి బయలుదేరి వచ్చాడనీ, మొదటి యాత్రికుడు ఆయనేననీ సంప్రదాయం చెబుతుంది. ఆయన వచ్చిన దారికి ‘కమీనో ప్రిమితీవో’ అని పేరు. తెలుగులో ‘తొలి దారి’ అనవచ్చును.

క్షేత్రం ఒకటే అయినా దారులు అనేకం. వాటిలో పేరుమోసినది ఫ్రాన్సు సరిహద్దు నుంచి వచ్చే ‘ఫ్రెంచి దారి’. దాని పొడవు 780 కిలోమీటర్ల ప్రాంతం. మధ్యయుగంలో కళకళలాడిన ఈ దారి ఇరవయ్యవ శతాబ్దం నాటికి దాదాపు మరుగున పడినది. ఓ సెబ్రేయిరో అనే కొండ ఊరి మతగురువు ఎలియాస్ వాలిన్యా 1984లో రంగుడబ్బా చేతబట్టి, చెట్లమీదా రాళ్లమీదా గోడలమీదా పసుపుపచ్చని బాణపు గుర్తులు వేస్తూ దారిని తిరిగి చూపించాడు. ఈనాటికీ యాత్రికులకు దిక్కు ఆ పసుపు బాణమే. 1987లో ఐరోపా మండలి దీనిని మొదటి ఐరోపా సాంస్కృతిక మార్గంగా ప్రకటించినది. 1993లో ఐక్యరాజ్య సమితి విద్యా సాంస్కృతిక సంస్థ యునెస్కో స్పెయిన్‌లోని ఫ్రెంచి దారిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినది. 1980ల నడుమ ఏడాదికి కొద్దిమంది మాత్రమే నడచిన ఈ యాత్రను 2024లో పూర్తిచేసి పత్రం అందుకున్నవారు 5 లక్షలకు దాపు. వారిలో సగానికి దగ్గరగా ఫ్రెంచి దారిన వచ్చినవారే.

బాణాలు వేసిన గురువు కోరినది ఫలించినది. అయితే ఫలం ఎక్కువై కొమ్మ వంగినది. వేసవి ఉదయాలలో రాత్రి బస దొరుకుతుందో లేదో అనే దిగులుతో చీకటి ఉండగానే లేచి పరుగులు తీసే యాత్రికులు ఫ్రెంచి దారిలో కనబడతారు. ఎక్కువమంది బయలుదేరేది శాంటియాగోకు 115 కిలోమీటర్ల ప్రాంతంలోనున్న సార్రియా నుంచి. కనీసం 100 కిలోమీటర్లు నడచినవారికే పత్రం ఇస్తారు గనుక ఆ ఊరికి అంత గిరాకీ. అక్కడినుంచి దారి తిరునాళ్లను తలపిస్తుంది. తిరునాళ్లలో ఆనందం ఉన్నది, తోడు ఉన్నది. కాని మనసులోని మాట తనకు తాను వినిపించుకోవలెనని బయలుదేరినవానికి అక్కడ చెవులు పనిచేయవు.

అటువంటివానికి తొలి దారి ఉన్నది. ఒవియేదో నుంచి శాంటియాగోకు 315 కిలోమీటర్ల ప్రాంతం. సాధారణంగా పదమూడు, పద్నాలుగు రోజుల నడక. 2015లో యునెస్కో దీనినీ వారసత్వ సంపదలో చేర్చినది. అయినా మొత్తం యాత్రికులలో నూటికి అయిదుగురి ప్రాంతమే ఈ దారిన వస్తున్నారు. దారి పొడవునా పచ్చిక బయళ్లు, ఆవుల మెడలో గంటలు, పొగమంచు, చెస్ట్‌నట్ చెట్ల నీడలు, నాలుగిళ్ల పల్లెలు. యాత్రికుడు తన అడుగుల చప్పుడు తాను వింటాడు.

ఇంత మంచి దారిని అందరూ ఎందుకు పట్టరు? కొండలున్నవి గనుక. మోకాళ్లు అరిగిన నడివయసు యాత్రికునికి ఇక్కడే అసలు చిక్కు. మనసు కోరే దారి ఒకటి, మోకాలు ఒప్పుకునే దారి మరొకటి.

మోకాలి పక్షాన ఒక మాట చెప్పుకోవలె. శరీరంలోని కీళ్లలో పెద్దది అది. తొడ ఎముక అడుగు కొన, పిక్క ఎముక పై కొన అక్కడ కలుస్తవి. రెండింటి మధ్యా మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. అమర్చిన కృత్రిమ మోకాళ్లలో కొలత సాధనాలు పెట్టి పరిశోధకులు లెక్క కట్టినారు: చదును నేలమీద నడిచేటప్పుడు ఒక్కొక్క అడుగుకూ కీలుమీద దేహభారానికి రెండున్నర రెట్లకు పైగా ఒత్తిడి పడుతుంది, మెట్లు ఎక్కేటప్పుడు మూడు రెట్లు దాటుతుంది, దిగేటప్పుడు మూడున్నర రెట్లకు చేరువ అవుతుంది. అనగా ఎక్కుటకంటె దిగుట మోకాలికి బరువు. ఎక్కేటప్పుడు అలసేది గుండె, ఊపిరితిత్తులు. దిగేటప్పుడు దేహం ముందుకు పడిపోకుండా ప్రతి అడుగునా ఆపవలసినవాడు తొడముందరి కండరం; అది సాగుతూనే బిగిసి ఉండవలె. తిరుమల నుంచి అలిపిరికి మెట్ల దారిన దిగినవారికి ఈ సంగతి పాఠ్యపుస్తకం చెప్పనక్కరలేదు. దిగిన మరునాడు వారి కాళ్లే చెబుతవి. వీపుమీద ఎనిమిది కిలోల సంచి ఉంటే ఆ బరువు కూడా ఇదే లెక్కన హెచ్చవుతుంది.

తొలి దారిలో ఈ లెక్క కఠినంగా తేలే చోటు ఒకటి కలదు. బెర్దుసేదో అనే పల్లె దాటిన తరువాత బుస్పోల్ అనే గట్టు వస్తుంది. అక్కడొక చిన్న ప్రార్థనా మందిరం ఉన్నది. దానిముందు నిలిచి చూస్తే పాతాళంలో ఉన్నట్లు సాలిమే జలాశయం మెరుస్తుంది. నావియా నదిపై 1950లలో పూర్తయిన ఆనకట్ట అది. పాత సాలిమే గ్రామం ఆ నీటి అడుగున ఉన్నది. గట్టు నుంచి ఆనకట్ట దాకా ఏడు కిలోమీటర్ల ప్రాంతంలో సుమారు 800 మీటర్ల దిగుడు. దిగిన తరువాత గ్రాందాస్ అనే ఊరికి మళ్లీ ఎక్కుడు. గట్టి మోకాళ్లవారు సైతం ఆనాటి సాయంత్రం మెట్లముందు తటపటాయిస్తారు.

దీనికి ముందే మరొక పరీక్ష ఉన్నది. బోర్రెస్ పల్లె దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఒకటి 1,200 మీటర్ల ఎత్తున కొండశిఖరాల మీదుగా పోతుంది. రోజంతా సాగే ఆ నడకలో ఊరు లేదు, అంగడి లేదు, తలదాచుకొనే చోటు లేదు. పొగమంచు కమ్మిన రోజున అటు పోవద్దని స్థానికులు హెచ్చరిస్తారు. రెండవది పోలా ద అయ్యాందే అనే చిన్న పట్టణం మీదుగా పోయి, కొండపైని పాలో కనుమ దగ్గర మొదటిదానితో కలుస్తుంది. పై దారి అందం లోకప్రసిద్ధం. క్రింది దారికి అంత పేరు లేదు. కాని అక్కడ మంచమున్నది, మందుల దుకాణమున్నది, నడకను రెండు రోజులుగా పంచుకొనే వీలున్నది.

పై దారి పేరు ‘ఓస్పితాలెస్’. ‘ఆసుపత్రి’ అనే మన మాటకు మూలమైన ఇంగ్లీషు మాటా, ఈ స్పానిషు మాటా లాటిన్ భాషలో ‘అతిథి’ అని అర్థమిచ్చే ఒకే పదం నుంచి పుట్టినవి. మధ్యయుగంలో ఈ కొండలపై యాత్రికులకోసం పారాదియెల్లా, ఫోన్‌ఫరావోన్, వాల్‌పరాయీసో అనే ధర్మశాలలు ఉండేవి. వాటి మొండిగోడలు నేటికీ గడ్డిలో కనబడతవి. మంచులో చిక్కినవానికీ, జ్వరపడినవానికీ, కాలు బెణికినవానికీ అవి నెలవులు. కాబట్టి, నేడు దృఢకాయుల దారిగా పేరుపడిన ఆ శిఖరమార్గానికి పేరు వచ్చినది అశక్తులను ఆదరించిన ఇళ్లవల్లనే. ఇళ్లు కూలినవి, పేరు మిగిలినది. ఇళ్లు లేని దారిన, నొప్పి ఉన్న మోకాలితో, ఎవరో ఉన్నారన్న ధీమాతో పోవుట సాహసమనిపించుకోదు.

అట్లని నొప్పి ఉన్నవాడు ఏకాంతపు దారిని వదలుకోనక్కరలేదు. వైద్యుని సలహా తీసుకొని, నెలల ముందునుంచి తొడకండరాలకు సాధన చేసి, లెక్క సరిచూచుకొని బయలుదేరవచ్చును. మోకాలు అరిగినవారికి కదలకుండా కూర్చొనుట మందు కాదని, తగిన వ్యాయామం మేలు చేస్తుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. రెండు చేతులా ఊతకర్రలుంటే దిగుడులో ఒత్తిడి కొంత చేతులకు మళ్లుతుంది. పూర్వపు యాత్రికుల చేతికర్ర అలంకారం కాదు. సంచిని తరువాతి బసకు మోటారులో పంపే ఏర్పాటు ఈ దారిలోనూ ఉన్నది. పోలా మీదుగా పోయి రోజులు పెంచుకోవచ్చును. బుస్పోల్ దిగుడునాడు కాలు మొరాయిస్తే ఆ ఒక్క భాగం బండిలో దాటవచ్చును. అదీ వీలుకాదనుకొనేవారు లూగో నుంచి బయలుదేరవచ్చును. మూడవ శతాబ్దపు చివర రోమనులు కట్టిన ప్రాకారం ఆ నగరం చుట్టూ రెండు కిలోమీటర్లకు మించి నేటికీ చెక్కుచెదరక నిలిచి ఉన్నది. అక్కడినుంచి శాంటియాగో 100 కిలోమీటర్ల ప్రాంతం, పెద్ద కొండలు వెనుకబడిపోతవి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినబడుతుంది. సంచి బండిలో పంపి, కష్టమైన చోట తానూ బండి ఎక్కితే అదేమి యాత్ర అని. ఈ ప్రశ్నకు సమాధానం పాతకాలమే చెప్పి ఉంచినది. ఫ్రెంచి దారిలో వియ్యాఫ్రాంకా దెల్ బియెర్సో అనే ఊరున్నది. అక్కడి పన్నెండవ శతాబ్దపు శాంటియాగో దేవాలయానికి ఉత్తరాన ‘క్షమాద్వారం’ కలదు. జబ్బుచేసి ముందుకు పోలేని యాత్రికుడు ఆ ద్వారం దగ్గరకు చేరితే చాలు, శాంటియాగో చేరినవానికి కలిగే పాపవిముక్తి అతనికీ కలుగుతుందని మతాచార్యులు అనుగ్రహించినారు. ముందు గల పెద్ద కొండ ఎక్కలేని దేహాన్ని వారు తప్పుపట్టలేదు. నడక ప్రాణంతో సమానమైన ఆ రోజుల్లోనే ఈ సడలింపు ఉండగా, నేటి యాత్రికుడు కిలోమీటర్ల పట్టికకు అంతకంటె కఠినమైన మతం కల్పించుకొనుట వింత.

నిజానికి ఏకాంతానికీ మోకాలి నొప్పికీ ఒక పొత్తు ఉన్నది. జనం మధ్య నడిచేవాడు జనం వేగంతో నడుస్తాడు. వెనుకబడితే చిన్నతనమనిపించి నొప్పిని దాచుతాడు; దాచిన నొప్పి మూడవ రోజున మంచాన పడవేస్తుంది. ఒంటరి దారిలో పోటీ లేదు, సాక్షి లేడు. కాలు చెప్పినప్పుడు కూర్చోవచ్చును. కూర్చున్నచోటనే కొండ కనబడుతుంది. అయితే ఒంటరి దారిలో కాలు చెప్పిన మాట వినకపోతే ఆదుకొనే మనిషి కూడా దగ్గర ఉండడు. కాబట్టి నిశ్శబ్దాన్ని ఎన్నుకొన్నవాడు తన దేహంపట్ల బాధ్యతను కూడా ఎన్నుకొన్నట్లే.

ఈ దారిలో విద్యార్థులకు చెప్పదగిన చిన్న వింత ఒకటున్నది. యాత్రికుల చిహ్నం ఆల్చిప్ప. అస్తూరియాస్ ప్రాంతంలో రాతిస్తంభాలపై చెక్కిన ఆల్చిప్ప గీతలన్నీ ఏ కొనన కలుస్తవో అటు పోవలె. అసేబో కనుమ దాటి గలీసియాలో అడుగుపెట్టగానే ఆ సూత్రం చెల్లదు. అక్కడ బాణమే ప్రమాణం. నిన్నటిదాకా సరిగా నడిపించిన గుర్తును నేడు మళ్లీ పరీక్షించి చదువుకోవలె. ఇరవయ్యేళ్లనాటి తన కాళ్ల బలాన్ని తలచుకొని దారి ఎన్నుకొనేవానికి కూడా ఈ పాఠం వర్తిస్తుంది.

మెలీదే అనే ఊరిలో తొలి దారి ఫ్రెంచి దారిలో కలసిపోతుంది. అక్కడినుంచి శాంటియాగోకు 55 కిలోమీటర్ల లోపే. ఇన్నాళ్లూ ఆవు గంటలు విన్న చెవులకు ఒక్కసారిగా జనప్రవాహం ఎదురవుతుంది: పాఠశాల పిల్లల జట్లు, పాటలు, దేశదేశాల భాషలు. ఏకాంతం ముగిసినదని కొందరు నొచ్చుకుంటారు. కాని మెల్లగా నడుచుట నేర్చుకొన్నవాడు ఆ గుంపులోనూ మెల్లగానే నడుస్తాడు. పక్కన కుంటుతున్న మరొకని చూచి ఆగుతాడు, తన ఊతకర్రలలో ఒకటి అందిస్తాడు. కొండమీది ధర్మశాలలు ఏనాడో చేసిన పనిని ఇప్పుడతడు చేస్తున్నాడు.

శాంటియాగోలో యాత్రికుల కార్యాలయం ఉన్నది. అక్కడ చూచేది దారిలోని ఊళ్లవారు పుస్తకంలో వేసిన ముద్రలను. ఎన్ని రోజులు పట్టినదని గాని, ఎక్కడెక్కడ ఆగినావని గాని ఎవరూ లెక్క అడగరు. ఆ లెక్క యాత్రికునికీ అతని మోకాలికీ మధ్యనే ఉంటుంది.