జీడీపీ పడితే ఉద్యోగాలు పోతాయా?

అపోహ: ఆర్థిక వ్యవస్థ ఎంత కుంగితే నిరుద్యోగం అంత పెరుగుతుంది. ఏ దేశంలోనైనా లెక్క ఒక్కటే.

వాస్తవం: ఈ లెక్కకు మూలం అమెరికా ఆర్థికవేత్త ఆర్థర్ ఓకున్ 1962లో వేసిన అంచనా. నిరుద్యోగం ఒక శాతం పెరిగిందంటే ఉత్పత్తి సుమారు 3 శాతం తగ్గినట్టని ఆయన అన్నాడు. యుద్ధానంతర అమెరికా గణాంకాల్లో కనిపించిన పోకడ అది. ‘ఓకున్ నియమం’ అని పేరు పడేసరికి అన్ని దేశాలకూ అంటగట్టేశారు.

2009నే చూడండి. జర్మనీ జీడీపీ 5 శాతానికి పైగా పడింది, స్పెయిన్‌ది 4 శాతం లోపే. మరి జర్మన్లే ఎక్కువమంది రోడ్డున పడాలి కదా? అక్కడ నిరుద్యోగం దాదాపు కదల్లేదు. స్పెయిన్‌లో 2007లో 8 శాతం దగ్గరున్నది 2009కి 18కి, 2013కి 26కి ఎగబాకింది.

జర్మనీ కంపెనీలు మనుషుల్ని తీసేయకుండా పనిగంటలు తగ్గించాయి. ‘కుర్జార్‌బైట్’ అనే పథకం కింద, ఆ గంటలకు పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవాళ్లకు 67 శాతం ప్రభుత్వ ఉపాధి సంస్థ చెల్లించింది. పైగా మంచి రోజుల్లో చేసిన ఓవర్‌టైమ్ కార్మికుల ఖాతాల్లో జమై ఉంది. ఆర్డర్లు లేనప్పుడు దాన్ని సెలవులుగా వాడుకున్నారు. స్పెయిన్‌లోనో, సంక్షోభానికి ముందు ఉద్యోగుల్లో దాదాపు మూడో వంతు తాత్కాలిక కాంట్రాక్టుల మీదే ఉన్నారు. ఇళ్ల నిర్మాణం ఆగింది. యజమాని ఎవర్నీ తీసేయనక్కర్లేదు, గడువు తీరిన కాంట్రాక్టు పొడిగించకుంటే చాలు.

అపోహ: మాంద్యం పోగానే ఉద్యోగాలు వచ్చేస్తాయి.

వాస్తవం: అమెరికాలో మాంద్యం ముగిసింది 2009 జూన్‌లో. నిరుద్యోగం 10 శాతానికి చేరింది ఆ అక్టోబరులో.

అపోహ: నిరుద్యోగ రేటు తక్కువుంటే జనం బాగున్నట్టే.

వాస్తవం: కొవిడ్ ఏడాది 2020-21లో మన జీడీపీ దాదాపు 6 శాతం తగ్గింది. కేంద్రం చేసే కార్మిక సర్వేలో మాత్రం నిరుద్యోగం అంతకు ముందటి ఏడాది 4.8 శాతం నుంచి 4.2కి దిగింది! సర్వే అబద్ధమాడలేదు. పట్నంలో పని పోయినవాళ్లు ఊళ్లకు చేరారు. మొత్తం ఉపాధిలో వ్యవసాయం వాటా రెండేళ్లలో 42.5 శాతం నుంచి 46.5కి పెరిగింది. ఇద్దరు తీసే కలుపును నలుగురు తీసినా నలుగురూ ఉపాధి ఉన్నవాళ్లే. సొంత పొలంలో, ఇంటి కిరాణా కొట్టులో జీతం లేకుండా చెయ్యేసినవాళ్లూ అంతే. వారం ప్రాతిపదికన వేసే లెక్కలోనైతే, ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా నిరుద్యోగి కాదు.

నిరుద్యోగ భృతి లేని చోట ఖాళీగా ఉండటం పేదవాడి తరం కాదు. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే పట్టభద్రుడైనా ఇంటి నుంచి డబ్బు వచ్చినన్నాళ్లే ఉండగలడు. మన దేశంలో నిరక్షరాస్యుల కంటే డిగ్రీ చదివినవాళ్లలో నిరుద్యోగ రేటు ఎన్నో రెట్లు ఎక్కువగా నమోదవడానికి ఇదీ ఒక కారణం.