పెట్టె బయటి రేడియో

వాల్వు రేడియోను వెనక్కి తిప్పి చూస్తే రెండు చిన్న సాకెట్లు కనిపిస్తాయి. ఒకటి ఏరియల్‌కు, రెండోది ఎర్త్‌కు. ఇప్పుడు పాత సెట్లు కొనేవాళ్లు చెక్కకు పాలిష్ పెట్టిస్తారు, వాల్వులు, కండెన్సర్లు మార్పిస్తారు. ఆ రెండు సాకెట్లను మాత్రం ఖాళీగా వదిలేస్తారు. తీరా గరగర తప్ప ఏమీ వినిపించకపోతే సెట్టు పాడైందనుకుంటారు. అది పాడవలేదు. ఇంటి బయట ఉండాల్సిన సగం దానికి లేదు, అంతే.

ఆ సగమే ముందు పుట్టింది. 1901 డిసెంబరు 12న న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్ మీద మార్కోనీకి వాల్వులూ లేవు, లౌడ్‌స్పీకరూ లేదు. ఉన్నదల్లా గాలిపటానికి కట్టి ఎగరేసిన సుమారు 150 మీటర్ల తీగ, నేలలో పాతిన లోహపు రేకులు, చెవికి ఆనించుకున్న టెలిఫోన్ రిసీవర్. అట్లాంటిక్ అవతల ఇంగ్లండులోని పోల్డూ నుంచి పంపిన మోర్స్ అక్షరం 'ఎస్' విన్నానని ప్రకటించాడు. నిజంగా విన్నాడా అన్న వాదన నేటికీ తెగలేదు. తీగ, నేల కలిస్తేనే రేడియో అన్న సూత్రం మాత్రం నిలిచింది.

రేడియో తరంగం తీగను దాటిపోతూ అందులో అతి బలహీనమైన విద్యుత్తు పుట్టిస్తుంది. అది సెట్టులోని ఏరియల్ కాయిల్ గుండా నేలకు దిగాలి. దిగే దారి సరిగా లేకపోతే తీగ ఎంత పొడవున్నా ఫలితం సగమే.

పొడవు సంగతి ఆసక్తిగా ఉంటుంది. విజయవాడ మీడియం వేవ్ కేంద్రం 837 కిలోహెర్ట్జ్, అంటే సుమారు 358 మీటర్ల తరంగం. అందులో పావు వంతు తీగ కావాలంటే దాదాపు 90 మీటర్లు. ఏ మిద్దె మీద పడుతుంది? కానీ రేడియో సిలోన్ వినిపించిన 25 మీటర్ల షార్ట్‌వేవ్ బ్యాండుకు పావు వంతు ఆరు మీటర్ల పైచిలుకే. రెండు వెదురు బొంగుల మధ్య కట్టిన తీగ విజయవాడకు పొట్టిదే, సిలోన్‌కు మాత్రం పుష్కలం. బలమైన దగ్గరి స్టేషన్‌కు పొట్టిదైనా సరిపోతుంది. మరీ పొడవైతే స్టేషన్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కూడా.

తీగ చివర్లకు పింగాణీ ఇన్సులేటర్లు ఉండాలి. కరెంటు వైర్లకు దూరంగా, వాటిని దాటకుండా సాగాలి. ఈ రోజుల్లో ఎల్ఈడీ బల్బులూ చార్జర్లూ ఇంటి నిండా రొద నింపుతున్నాయి కాబట్టి తీగ ఆరుబయట ఉండటం మునుపటికన్నా అవసరం. పిడుగుల కాలంలో మబ్బు పట్టకముందే దాన్ని సెట్టు నుంచి తీసి ఎర్త్‌కు కలిపేయాలి.

అంతకన్నా పెద్ద ప్రమాదం సెట్టులోనే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్లలో ఛాసిస్ నేరుగా కరెంటు వైరుకే కలిసి ఉంటుంది. దానికీ ఏరియల్ సాకెట్‌కూ మధ్య అడ్డుగా ఉన్నది ఒక చిన్న కండెన్సరు. దశాబ్దాల తర్వాత అది లీకైతే 230 వోల్టులు మిద్దె మీది తీగలోకే వస్తాయి. తెలిసిన మెకానిక్‌తో దాన్ని సేఫ్టీ రకానికి మార్పించాకే తీగ తగిలించండి. ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

ట్రాన్సిస్టర్ సెట్లు రావడంతో ఫెరైట్ కడ్డీ ఏరియల్‌ను పెట్టెలోకి తెచ్చేసింది. వాటికి సాకెట్ లేకపోయినా ఫర్వాలేదు. ఇన్సులేషన్ ఉన్న వైరును కడ్డీ చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టి, ఒక కొస బయటి తీగకు, మరో కొస ఎర్త్‌కు కలిపితే చాలు. టంకం వేసే పని కూడా లేదు.