అంపైరు చెయ్యి తప్పితే ఆట ఏమవుతుంది?

కొడుకులో కూతుళ్లో అమెరికాలో ఉన్న ఇళ్లు మన పల్లెల్లో ఇప్పుడు తక్కువేమీ కాదు. అక్కడికి పోయి వచ్చిన పెద్దలు ‘మనవడు బేస్‌బాల్ ఆడుతున్నాడు, అదేం ఆటో బోధపడలేదు’ అనడం కద్దు. బ్యాటూ బంతీ ఉన్న ఆటే. అయితే అందులో అంపైరుకు ఎదురయ్యే ఒక చిక్కు క్రికెట్ తెలిసిన మనవాళ్లకు తేలికగా అర్థమవుతుంది. బంతి ఇంకా ఆటలో ఉండగా, ఆటగాళ్లు పరుగెత్తుతూ ఉండగా అంపైరు పొరపాటు సైగ చేస్తే ఏం చేయాలి?

ముందు ఆట సంగతి. మైదానంలో నాలుగు మూలలుంటాయి. వాటిని బేస్ అంటారు. పిచ్చరు విసిరిన బంతిని కొట్టి నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. మూడు స్ట్రైకులు పడితే బ్యాటరు ఔటు. బ్యాటరు వెనుక క్యాచరు, అతని వెనుక అంపైరు నిలబడతారు. పెద్ద లీగు మ్యాచిలో మొత్తం నలుగురు అంపైర్లు, చివరి పోటీల్లో ఆరుగురు ఉంటారు.

కొట్టిన బంతి రెండు తెల్ల గీతల నడుమ పడితే ‘ఫెయిర్’, బయట పడితే ‘ఫౌల్’. ఫౌల్ అయితే అంపైరు రెండు చేతులూ పైకెత్తి కేక వేస్తాడు. ఫెయిర్ అయితే నోరు మెదపడు, చేత్తో మైదానం లోపలికి చూపుతాడు, అంతే. ఇది ఊరికే పెట్టిన పద్ధతి కాదు. ఫౌల్ కేక వినగానే పరుగెత్తేవాడు నిలబడిపోతాడు, బంతి వెంటపడేవాడు వదిలేస్తాడు. తరువాత ‘కాదు, ఫెయిరే’ అంటే ఆగిన పరుగు ఎవరు తెచ్చిస్తారు? అందుకే ఒక్క క్షణం ఆగి, చూచి, ఆ తరువాతే చెయ్యి ఎత్తమని అంపైర్లకు నేర్పుతారు.

మన క్రికెట్‌లోనూ ఈ నష్టం ఉంది. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో జరిగిన టి-20 ప్రపంచ కప్ మ్యాచిలో బంగ్లాదేశ్ బ్యాటరు మహ్మదుల్లా ప్యాడ్‌కు తగిలిన బంతి బౌండరీ దాటింది. అంపైరు మాత్రం ఎల్‌బీడబ్ల్యూ ఇచ్చాడు. రివ్యూలో అది నాటౌట్ అని తేలింది. అయినా ఔటిచ్చినప్పుడే బంతి చచ్చిపోయింది గనుక ఆ నాలుగు పరుగులు లెక్కలోకి రాలేదు. బంగ్లాదేశ్ ఓడిపోయింది సరిగ్గా 4 పరుగుల తేడాతోనే.

బేస్‌బాల్‌లో ఇంతకన్నా పెద్ద గొడవ 2005 అక్టోబర్ 12న చికాగోలో జరిగింది. వైట్ సాక్స్ జట్టుకూ ఏంజెల్స్ జట్టుకూ పోటీ. తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు 1-1, అప్పటికే ఇద్దరు ఔటు. వైట్ సాక్స్ బ్యాటరు పియర్జిన్‌స్కీ మూడో స్ట్రైక్ బంతిని కొట్టబోయి తప్పాడు. అంపైరు డగ్ ఎడింగ్స్ చెయ్యి చాచి పిడికిలి బిగించాడు. ఔటనుకున్న క్యాచరు జోష్ పాల్ బంతిని నేల మీద దొర్లించి నడిచిపోయాడు.

అయితే ఆ ఆటలో ఒక మెలిక ఉంది. అటువంటి సమయంలో మూడో స్ట్రైక్ బంతిని క్యాచరు నేల తాకకముందే పట్టకపోతే బ్యాటరు మొదటి బేస్‌కు పరుగెత్తవచ్చు. పియర్జిన్‌స్కీ అదే చేశాడు. బంతి నేలను తాకిందని అంపైరు నిర్ణయం. మరి పిడికిలి మాటేమిటి? అది స్ట్రైక్ సైగే గాని ఔటు సైగ కాదని ఎడింగ్స్ తరువాత చెప్పాడు. ఏంజెల్స్ మేనేజరు ఎంత వాదించినా అంపైర్లు కదలలేదు. పియర్జిన్‌స్కీ బదులు పరుగుకు వచ్చిన ఒజూనా రెండో బేస్ దొంగిలించాడు, క్రీడ్ కొట్టిన దెబ్బకు ఇంటికి చేరాడు. వైట్ సాక్స్ 2-1తో నెగ్గింది. ఆ సిరీస్‌నూ గెలిచి, 1917 తరువాత తొలిసారి ప్రపంచ సిరీస్ విజేత అయింది.

బంతి నిజంగా నేల తాకిందా అన్న వాదం తెగలేదు. క్యాచరు ఒక్కసారి బంతితో బ్యాటరును తాకి ఉంటే రగడే లేదు, నిజమే. కాని రెండు అర్థాలు వచ్చే పిడికిలి చూపి, పట్టలేదన్న మాట నోటితో చెప్పకపోవడం అంపైరు వైపు లోపమే అనిపిస్తుంది.

అంపైర్లు తమలో తాము సంప్రదించుకుని తీర్పు మార్చుకోవచ్చునని నిబంధన ఉంది. అలా మార్చితే మొదటి తప్పు వల్ల జరిగిన నష్టాన్ని సరిచేసే అధికారమూ వారిదే. మొదటే సరైన తీర్పు ఇచ్చి ఉంటే ఎవరు ఏ బేస్‌కు చేరి ఉండేవారో ఊహించి వారిని అక్కడ నిలబెడతారు. బ్యాటు సగం ఊపిన సందర్భాల్లో మాత్రం వెనుకనున్న అంపైరు మాట మరో అంపైరు మార్చవచ్చు గనుక, పరుగెత్తేవాళ్లే కనిపెట్టుకుని ఉండాలని నిబంధనల పుస్తకమే హెచ్చరిస్తోంది.

టీవీ రీప్లే సాయం 2008లో హోమ్ రన్‌లతో మొదలై 2014లో మరెన్నో తీర్పులకు విస్తరించింది. బంతి ఎక్కడ పడిందో కెమెరా చూపగలదు. కేక విని ఆగిపోయినవాడు ఆగకపోతే ఎంతదూరం పోయేవాడన్నది మాత్రం ఇప్పటికీ మనుషులే అంచనా కట్టి చెప్పాలి.