నీళ్ల బిల్లులో న్యాయం ఎంత?

అమెరికాలోని చిన్న ఊళ్లలో మోటెల్, లాండ్రీ, అపార్ట్‌మెంట్లు నడిపే మనవాళ్లు కరెంటు బిల్లు చూసినంత జాగ్రత్తగా నీళ్ల బిల్లు చూడరు. 'నీటి రేట్లు మారుస్తున్నాం, పబ్లిక్ హియరింగ్‌కు రండి' అని సిటీ నుంచి ఉత్తరం వచ్చినప్పుడు మాత్రం గుండె గతుక్కుమంటుంది. తీరా వెళ్తే హాల్లో రెండు వర్గాలు. 'వాళ్లు వ్యాపారం చేసుకుంటున్నారు, వాళ్ల దగ్గరే ఎక్కువ తీసుకోండి' అని ఇళ్లవాళ్లు. 'మేం టోకున కొంటున్నాం, ధర తగ్గించాలి కదా' అని వ్యాపారులు. ఎవరిది న్యాయం?

మన దేశంలో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడో ఖాయమైపోయింది. ఇళ్లకు తక్కువ, వ్యాపారాలకు ఎక్కువ. హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇళ్లకు నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. అమెరికాలో ఒకప్పుడు చాలా ఊళ్లు దీనికి తలకిందులుగా నడిచాయి. వాడకం పెరిగేకొద్దీ గ్యాలన్ ధర తగ్గేది. తర్వాత పొదుపు పేరుతో, వాడకం పెరిగేకొద్దీ ధర పెరిగే పద్ధతి వచ్చింది. ఇక్కడి నీటి సంస్థల సంఘం, అమెరికన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్, తన ఎం-1 మాన్యువల్‌లో చెప్పే సూత్రం వేరు. ఎవరి వల్ల ఎంత ఖర్చవుతోందో వాళ్లు అంత కట్టాలి.

గ్యాలన్లు ఒకటే, ఖర్చు వేరు

ఇద్దరు ఖాతాదారులు ఏడాదికి చెరో 10 లక్షల గ్యాలన్లు వాడుతున్నారనుకుందాం. ఒకటి లాండ్రీ. ఏడాది పొడుగునా రోజుకు దాదాపు 2,740 గ్యాలన్లు. రెండోది గోల్ఫ్ మైదానం. నీళ్లన్నీ ఎండాకాలం మూడు నెలల్లోనే కావాలి. అంటే రోజుకు దాదాపు 11 వేల గ్యాలన్లు. ఆ మూడు నెలల కోసం ఊరు నాలుగు రెట్ల సామర్థ్యం సిద్ధంగా ఉంచాలి. పంపులు, ట్యాంకు, పైపులు కట్టేది సగటు రోజుకు కాదు, అందరూ ఒకేసారి కుళాయి తిప్పే రోజుకు. అందుకే ఎంత వాడారన్నదే కాదు, ఎప్పుడు వాడారన్నదీ ధరలో కనబడాలి. ఆ లెక్కన నిలకడగా వాడే పెద్ద ఖాతాదారుకు కాస్త తక్కువ రేటు ఇస్తే అది దయాధర్మం కాదు, న్యాయమే.

మితిమీరి పిండినా ముప్పే

ఒక చిన్న ఊరి నీటి సరఫరాకు ఏడాదికి 6 లక్షల డాలర్లు ఖర్చనుకోండి. మూడో వంతు నీళ్లు తీసుకునే ఫ్యాక్టరీ 2 లక్షలు కడుతోంది. రేటు బాగా పెంచితే అది సొంత బోరు వేసుకుని వెళ్లిపోయింది. అప్పుడు ఊరికి మిగిలేది ఆ నీళ్లకు అయ్యే కరెంటు, మందుల ఖర్చు, మహా అయితే 40 వేలు. అప్పుల వాయిదాలు, జీతాలు ఎక్కడికీ పోవు. మిగిలిన 1,60,000 డాలర్లు వెయ్యి ఇళ్ల మీద పడితే ఇంటికి నెలకు 13 డాలర్ల పైమాటే. పింఛను మీద బతికే ముసలావిడకు అది చిన్న మొత్తం కాదు. అలాగని ఫ్యాక్టరీ పోతుందన్న భయంతో ఖర్చు కన్నా తక్కువకు ఇచ్చినా, ఆ లోటు కట్టేదీ ఆవిడే.

కోర్టు ఏమంది?

కాలిఫోర్నియాలో 1996లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 218 ప్రకారం సేవకయ్యే ఖర్చు కన్నా ఎక్కువ వసూలు చేయకూడదు. పెంపునకు 45 రోజుల ముందు నోటీసు పంపాలి. సగం మందికి పైగా రాతపూర్వకంగా వద్దంటే పెంపు ఆగిపోతుంది. 2015లో శాన్ హువాన్ కాపిస్ట్రానో అనే చిన్న నగరం కేసులో అప్పీలు కోర్టు, ఎక్కువ వాడితే ఎక్కువ రేటు వేయొచ్చు గానీ ప్రతి అంచె ధరకూ ఖర్చు లెక్క చూపించాలని తేల్చింది. మిగతా రాష్ట్రాల్లో చట్టాలు వేరైనా, లెక్క చూపమని అడగడానికి అడ్డేమీ లేదు.

హియరింగ్‌లో అడగండి

ముందుగా, ఖర్చుల అధ్యయనం చేయించారా అని అడగండి. రద్దీ రోజున ఏ తరగతివాళ్లు ఎంత వాడుతున్నారో ఆ నివేదికలో చూడండి. తర్వాత మీ మీటరు సైజు చూసుకోండి. ఇళ్లకుండే 5/8 అంగుళాల మీటరుకు నిమిషానికి 20 గ్యాలన్ల సామర్థ్యమైతే, 2 అంగుళాల దానికి 160. నెలవారీ స్థిర చార్జీ ఆ నిష్పత్తిలో వేస్తే ఎనిమిది రెట్లు పడుతుంది. అవసరానికి మించిన మీటరుంటే మార్పించుకోవడం మేలు. గడ్డికి, మొక్కలకు విడిగా మీటరు పెట్టించుకుంటే చాలా ఊళ్లలో ఆ నీళ్లకు మురుగు చార్జీ పడదు. పాత పెద్ద మీటర్లు అరిగి తక్కువ చూపిస్తుంటాయి, వాటిని పరీక్షించమనండి. మన బిల్లు పెరిగినా సరే. మన మీటరు చూపించని నీళ్లకు డబ్బు కట్టేది పక్కింటివాళ్లే.