ఉమ్మడి సేవా కేంద్రాలు - ఉపాధి అవకాశాలు

ఉపాధి కల్పన అనగానే కర్మాగారాలు మనసుకు వస్తాయి. కాని పొగగొట్టం లేని, ముడిసరుకు అక్కరలేని కార్యాలయం కూడ వేలాది మందికి జీవనోపాధి చూపగలదు. బహుళజాతి సంస్థలు మన దేశంలో నెలకొల్పిన ఉమ్మడి సేవా కేంద్రాలే ఇందుకు నిదర్శనం.

అనేక దేశాలలో వ్యాపారం చేసే సంస్థకు జమాఖర్చులు వ్రాయడానికి, బిల్లులు చెల్లించడానికి, సిబ్బంది జీతాలు లెక్కకట్టడానికి ప్రతి దేశంలోనూ ఒక విభాగం ఉండేది. ఒకే రకమైన పని పదిచోట్ల జరిగేది. ఆ పనులన్నింటినీ ఒకచోటికి చేర్చి, అన్ని శాఖలకూ అక్కడినుండే నిర్వహించే ఏర్పాటే ఉమ్మడి సేవా కేంద్రం. కంప్యూటర్లు, ఉపగ్రహాలు, సముద్రగర్భ కేబుళ్లు దూరాన్ని జయించినందువలన ఆ చోటు ఏ ఖండంలోనైనా ఉండవచ్చు. ఆంగ్లం తెలిసిన పట్టభద్రులు పెద్దసంఖ్యలో లభించడం, వేతనవ్యయం తక్కువగా ఉండడం వలన అనేక సంస్థలు భారతదేశాన్ని ఎన్నుకున్నాయి.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ 1996లో ముంబయిలోను, జనరల్ ఎలక్ట్రిక్ 1997లో ఢిల్లీ సమీపాన గుర్‌గావ్‌లోను తమ సొంత పనులకై ఇటువంటి కేంద్రాలను ప్రారంభించాయి. కాలక్రమాన అవి డబ్ల్యు.ఎన్.ఎస్., జెన్‌పాక్ట్ అనే స్వతంత్ర సంస్థలుగా మారి, ఇతర కంపెనీలకు కూడ సేవలందించసాగాయి. ఒక సంస్థ పద్దులతో మొదలైన పని క్రమంగా ఒక పరిశ్రమ అయింది. నాస్కామ్ అంచనా ప్రకారం 2024 నాటికి దేశంలో విదేశీ సంస్థల సొంత కేంద్రాలు 1,700కు మించాయి. వాటిలో సుమారు 19 లక్షల మంది పనిచేస్తున్నారు. పద్దుల పనితోపాటు పరిశోధన, యంత్రరూపకల్పన కూడ నేడు వాటిలో జరుగుతున్నాయి.

అయితే రెండు విషయాలు గమనించవలసి ఉంది. ఈ ఉద్యోగాలలో అధికభాగం బెంగళూరు, హైదరాబాదు, చెన్నై, పుణే, ముంబయి, ఢిల్లీ ప్రాంతాలకే పరిమితమయ్యాయి. చిన్న పట్టణాల పట్టభద్రుడు ఇల్లు విడిచి మహానగరానికి వలసపోక తప్పడం లేదు. చిన్న నగరాలలోనూ ఇటువంటి కేంద్రాలను ప్రోత్సహించేందుకు రాష్ట్రాలకు మార్గదర్శకంగా జాతీయ విధానం రూపొందిస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించడం ఈ దృష్ట్యా ముఖ్యమైనది.

రెండవది, తక్కువ ఖర్చు కోసం వచ్చిన పని ఇంకా తక్కువ ఖర్చు కోసం తరలిపోవచ్చు. ఒక దేశపు గుమాస్తా పోగొట్టుకున్న పనే మరొక దేశపు యువకునికి దక్కింది. రేపు అదే పనిని యంత్రం చేయవచ్చు. కనుక కేంద్రాల సంఖ్యతో తృప్తిపడరాదు. పద్దు నమోదు చేసే ఉద్యోగి దానిని విశ్లేషించగలవాడుగా ఎదిగేలా కళాశాలలు, సంస్థలు శిక్షణ ఇవ్వాలి. అప్పుడే ఈ ఉపాధి నిలకడగా ఉంటుంది.