చలి ఉదయమున మొరాయించు పాత కారు

చలికాలపు తెల్లవారుజామున పాత కారును నడపబోయిన ఇంజను దగ్గును, వణకును, ఆగిపోవును. వేడెక్కిన పిదప అదే ఇంజను ఏ లోపము లేనట్లు సాగును. కొందరు కారు పాతదైనదని సరిపెట్టుకొందురు. మరికొందరు ఒకదాని వెంట ఒకటిగా భాగములను మార్పించి డబ్బు వృథా చేసుకొందురు. కాని కారణమును క్రమముగా వెదకి పట్టుకొనవచ్చును.

పెట్రోలు ఇంజను నడచుటకు మూడు కావలెను: మండదగిన మిశ్రమము, సకాలమున బలమైన నిప్పురవ్వ, సిలిండరులో చాలినంత సంపీడనము. చలి ఈ పనులకు అడ్డు తగులును. ఆదిలాబాదు ప్రాంతమున డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువకు పోవుట కద్దు. వేడి ఇంజను ఓర్చుకొను చిన్న లోపమును చల్లని ఇంజను ఓర్చుకొనలేదు.

మండునది ద్రవ పెట్రోలు కాదు, దాని ఆవిరి. 1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 15 గ్రాముల గాలి కావలెను. చలిలో పెట్రోలునందలి తేలిక భాగములే సులభముగా ఆవిరియగును. మిగిలినది లోహపు గోడలకు తడిగా అంటుకొనును. ఈ కొరత తీర్చుటకే కార్బురేటరునకు చోకు అమర్చిరి. అది మిశ్రమములో పెట్రోలు పాలును హెచ్చించును.

2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడరు వంటి కార్బురేటరు కారును ఉదాహరణగా తీసికొనవచ్చును. ముందుగా మొరాయింపు ఏ రకమైనదో గుర్తింపవలెను.

మొదటి రకములో స్టార్టరు మోటారు నెమ్మదిగా తిరుగును. చలికి ఇంజను నూనె చిక్కబడును. బ్యాటరీలోని రసాయన చర్య మందగించును. పూర్తిగా ఛార్జియైన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపును. స్టార్టరు తిరుగునప్పుడు ముందు దీపములు దాదాపు ఆరిపోయినచో బ్యాటరీ నీరసించినదనియో, దాని టెర్మినళ్లకు చిలుము పట్టినదనియో అనుమానింపవలెను. వోల్టేజి పడిపోయిన నిప్పురవ్వయు బలహీనమగును.

రెండవ రకములో మోటారు వేగముగా తిరిగినను ఇంజను అంటుకొనదు. అప్పుడు స్పార్కు ప్లగ్గును విప్పి చూడవలెను. అది పెట్రోలుతో తడిసియున్న, పెట్రోలు అందుచున్నది గాని నిప్పురవ్వ చాలుట లేదు. లేదా చోకు అతిగా వాడబడినది. పొడిగా ఉన్న, పెట్రోలు అందుట లేదు. కారు చాలా దినములు కదలకున్న కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు ఆవిరైపోవును. ఇంజను తిరిగినగాని పంపు పనిచేయదు గనుక గిన్నె నిండుటకు కొంత సమయము పట్టును.

మూడవ రకములో ఇంజను అంటుకొనును గాని వణకును. నాలుగు ప్లగ్గులను వరుసగా పేర్చి పోల్చవలెను. ఒక్కటే తేడాగా ఉన్న, లోపము ఆ సిలిండరుకు చెందిన ప్లగ్గు, తీగ, వాల్వు, పిస్టను రింగులలో ఉండును. నాలుగును పొడి మసితో నల్లబడిన, మిశ్రమములో పెట్రోలు ఎక్కువైనది. చోకు తీగ బిగిసి వెనుకకు రానిదేమో చూడవలెను. సంపీడనము తగ్గిన సిలిండరులో ఒక చెంచా నూనె పోసి మరల కొలిచినప్పుడు పీడనము పెరిగిన లోపము రింగులది. పెరుగనిచో వాల్వులను, గాస్కెట్టును శంకింపవలెను.

ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. రెండు భాగములు కలిపి మార్చిన, ఏది గుణమిచ్చినదో తెలియదు. ఫలితమును మరునాటి ఉదయము, ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే చూడవలెను. అదే ఉదయమున చేసిన రెండవ ప్రయత్నము వెచ్చబడిన ఇంజనుపై జరిగినదగును.

ఇంధన ఇంజెక్షను గల కార్లలో చేతితో లాగు చోకు ఉండదు. నీటి ఉష్ణోగ్రతను కొలుచు సెన్సరు చెప్పినదానిని బట్టి కంప్యూటరు పెట్రోలు పాలును నిర్ణయించును. చల్లని ఇంజనును వేడిదని సెన్సరు తప్పుగా తెలిపిన, పెట్రోలు చాలక అదే వణకు పుట్టును.

ఈ పరీక్షలను మూసిన షెడ్డులో చేయరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు గాని వాసన గాని లేదు, అది ప్రాణాంతకము. విప్పిన ప్లగ్గు దగ్గర పెట్రోలు ఆవిరి ఉండును గనుక నిప్పును దూరముగా ఉంచవలెను.

టెర్మినళ్లను శుభ్రపరచుట, ప్లగ్గులను చూచుట, చోకు తీగను సరిచూచుట దాదాపు ఖర్చులేని పనులు. వీటిని ముగించిన తరువాతనే కొత్త భాగములను కొనుట మేలు.