పట్టుగూడు నుంచి చీర దాకా: రూపాయి ఎక్కడ నిలుస్తున్నది?

హిందూపురం: పట్టుగూళ్ల బేరానికి వ్యవధి తక్కువ. పురుగు గూడు కట్టడం మొదలుపెట్టిన పది పన్నెండు రోజులకు రెక్కల పురుగై గూటిని తొలుచుకొని బయటకు వస్తుంది. తొలిచిన గూటి నుంచి ఏకధారగా దారం రాదు. అయిదారు రోజులు ఆగి చంద్రికల నుంచి గూళ్లు విడదీసిన రైతుకు అమ్మకానికి మిగిలేది మరో నాలుగైదు రోజులే. చింతపండును, వేరుశనగను ధర వచ్చేదాకా నిలవ వేయవచ్చును గాని, పచ్చిగూళ్లను నిలవ వేయడం రైతు చేతిలో లేని పని. తొందరపడేది అమ్మేవాడు, నిదానించగలిగేది కొనేవాడు అయినప్పుడు ధర ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర లేదు.

హిందూపురం, ధర్మవరం ప్రభుత్వ పట్టుగూళ్ల మార్కెట్లకు ఇంత ప్రాముఖ్యం ఇందువల్లనే వచ్చింది. అక్కడ సరుకు అందరి ఎదుట తూకానికి వస్తుంది. లాటు వారీగా వేలం సాగుతుంది. ఒక్క రీలరు ఇంటి గుమ్మం ముందు నిలబడే రైతుకు ఒకే ధర వినిపిస్తే, వేలంలో పది గొంతులు వినిపిస్తాయి.

గూటి ధర వెనుక లెక్క

గూళ్లలో బైవోల్టిన్ తెల్లగా, సి.బి. అనే సంకర రకం పసుపు ఛాయలో వుంటాయి. రీలరు రంగును కాక, దిగుబడిని చూసి పాడతాడు. కిలో ముడిపట్టు తీయడానికి మంచి బైవోల్టిన్ గూళ్లు ఆరున్నర కిలోలు సరిపోతే, సంకర రకం సుమారు ఎనిమిది కిలోలు కావలసి వస్తాయి. అంటే నూరు కిలోల గూళ్ల నుంచి మొదటి రకంలో 15 కిలోలకు పైగా, రెండవ రకంలో పన్నెండున్నర కిలోల పట్టు వస్తుంది. రెండు రకాల ధరల మధ్య వ్యత్యాసానికి మూలం ఈ మూడు కిలోలే.

ఆ తరువాత ముడిపట్టుకు పురి పెట్టాలి, జిగురు వదలగొట్టాలి, రంగు అద్దాలి, పడుగు, పేక సిద్ధం చేయాలి. ఆఖరున మగ్గం. ప్రతి దశలోనూ సరుకు విలువ పెరుగుతుంది, ఎవరో ఒకరికి కూలి ముడుతుంది. మల్బరీ తోట మొదలు ధర్మవరం చీర వరకు ఈ పనులన్నీ బెంగుళూరు–ధర్మవరం రైలు మార్గం పొడవునా వంద కిలోమీటర్ల లోపునే జరిగే వీలున్న ప్రాంతం ఇది. ఏటా సుమారు 550 మిల్లీమీటర్లకు మించి వాన పడని సీమకు ఇది చిన్న విషయం కాదు.

గొలుసు తెగే చోటు

అయితే గూళ్లు ఇక్కడ పండినంత మాత్రాన డబ్బు ఇక్కడ నిలవదు. గూళ్లు బయటి రీలరుకు పోయి, దారంగా తిరిగి వస్తే నడిమి కూలి బయటనే మిగిలిపోతుంది. జరీ ఎలాగూ సూరత్ నుంచి రావలసినదే. పడుగుకు నునుపైన, తెగని దారం కావాలి గనుక నేతగాళ్లు చైనా పట్టు వైపు మొగ్గిన కాలం వున్నది.

2011–12 కేంద్ర బడ్జెట్టులో ముడిపట్టుపై దిగుమతి సుంకం 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మగ్గానికి దారం చౌక కావడం మంచిదే గాని, అదే చౌకదారం మల్బరీ రైతు గూటి ధరను కిందికి లాగుతుంది. ఒకే జిల్లాలో నేతగానికి మేలు, రైతుకు కీడు అన్నమాట. 2013–14 బడ్జెట్టులో సుంకాన్ని 15 శాతానికి పెంచారు. ఢిల్లీ నిర్ణయాన్ని పల్లె మార్చలేదు. పడుగుకు పనికివచ్చే బైవోల్టిన్ పట్టును ఇక్కడే మంచి యంత్రాలపై తీయగలిగితే మాత్రం ఆ నిర్ణయపు దెబ్బ కొంత తగ్గుతుంది.

పెట్టుబడి ఎవరిది?

రెండవ చిల్లు అప్పు. చాకీ పురుగులకు, చింతచెట్ల గుత్తకు, మగ్గంపై పడుగుకు ముందుగా డబ్బు కావాలి. ఆ డబ్బు ఇచ్చినవాడే సరుకు కొనేవాడయితే, ధర కూడా అతడే నిర్ణయిస్తాడు. యార్డులో ఎంత మంచి వేలం వున్నా అప్పు తీసుకొన్న రైతు సరుకు అంతదాకా రాదు.

దీనికి పెనుకొండ పక్కన ఒక జవాబు కనిపిస్తుంది. చెన్నేకొత్తపల్లి కేంద్రంగా 1990లో ఆరంభమైన టింబక్టు కలెక్టివ్, చెన్నేకొత్తపల్లి, రొద్దం, రామగిరి మండలాల్లో మహిళల పొదుపు సహకార సంఘాలకు తోడ్పడింది. లెక్క సులువు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై పదివేలు పది నెలలకు తెస్తే వడ్డీ రెండు వేలు. షావుకారుకు చెల్లిస్తే అది ఊరు దాటి పోవచ్చు. తమ సంఘానికే చెల్లిస్తే ఆ రెండు వేలు మళ్లీ సభ్యులకే అప్పుగానో, వాటాగానో చేరుతుంది.

అదే ప్రాంతంలో 2008లో ఏర్పడిన ధరణి రైతుల సహకార సంఘం మరో మెట్టు ఎక్కింది. సేంద్రియ పద్ధతిలో సభ్యులు పండించిన కొర్ర, సామ, వేరుశనగలను సేకరించి, శుభ్రపరచి, సరుకుగా మార్చి అమ్మడం దాని పని. కొర్రలుగా పోయే పంట కొర్రబియ్యంగా పోతుంది. మరపట్టిన కూలి ఊళ్లో మిగులుతుంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రకారం ఇటువంటి సంఘాలు సర్కారు వాటా ధనం లేకుండా సభ్యుల పెట్టుబడితో నడుస్తాయి. పెత్తనం సభ్యులదే, నష్టం వస్తే భరించవలసినదీ వారే.

చింతపండు చెప్పే పాఠం

హిందూపురం యార్డులో చింతపండును కరిపులి, ఫ్లవర్ అని వేరుచేసి ధర కడతారు. ఒకే చెట్టు కాయ అయినా పెంకు, పీచు, గింజ తీసిన తీరును బట్టి ధర మారుతుంది. గింజ కూడా వృథా కాదు. దాని పిండి బట్టల మిల్లుల్లో గంజికి పోతుంది. చెట్టు మీద కాయనే గుత్తకు అమ్మిన రైతు ఇంటికి ఈ లాభాలేవీ చేరవు.

గూడు, కాయ, గింజ ఏదయినా అడగవలసిన ప్రశ్నలు మూడే. తూకం, ధర నలుగురి ఎదుట జరిగాయా? తరువాతి పని ఊళ్లో జరిగిందా? పెట్టుబడి అప్పు ఎవరికి బాకీ? బజారు ధర పెరిగినప్పుడు ఎటూ అందరూ సంతోషిస్తారు. ధర పడిన ఏడు తట్టుకొని నిలిచేది ఈ మూడింటికీ సరయిన జవాబు వున్న ఊరే.